శాస్త్రీయ పరికరానికి లెన్స్ సెల్: డ్రాయింగ్ నుంచి అమరిక వరకు సమగ్ర మార్గదర్శి

ప్రయోగశాలల నుంచి వర్క్‌షాపుకు వచ్చే పనులలో చాలావరకు ఒకే ఒక్క ముక్క కోసం వస్తాయి. వేల సంఖ్యలో విడిభాగాలు చేసే కర్మాగారంలో మొదటి పది ముక్కలు పాడైనా పదకొండో దాని నుంచి లెక్క సరిపోతుంది. స్పెక్ట్రోగ్రాఫ్‌కో టెలిస్కోప్‌కో చేసే భాగంలో మొదటి ముక్కే చివరి ముక్క కాబట్టి ఆ వెసులుబాటు ఉండదు. పైగా ఆ పని తెచ్చే శాస్త్రవేత్తకు కాంతి గురించి తెలిసినంతగా, ముక్కను తిప్పుతూ కోసే లేత్ యంత్రం గురించి తెలియదు; లేత్ మీద నిలబడే టర్నర్‌కు ఆ ముక్క పరికరంలో ఏం చేస్తుందో ఎవరూ చెప్పరు. చెడిపోయే పనులలో సగం ఈ ఇద్దరి మధ్య మాట కలవకపోవడం వల్లనే చెడిపోతాయి.

ఈ మార్గదర్శిలో ఒకే భాగాన్ని మొదటి నుంచి చివరి వరకు అనుసరిద్దాం. అది 50 మి.మీ. వ్యాసం గల బీకే7 గాజు లెన్స్‌ను పట్టి ఉంచే అల్యూమినియం సెల్. లెన్స్ ఒకవైపు చదునుగా, మరొకవైపు కుంభాకారంగా ఉంటుంది. లద్దాఖ్‌లో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న హన్లే వేధశాల వంటి చోట, మైనస్ 20 డిగ్రీల చలిలో కూడా ఈ సెల్ పనిచేయాలని అనుకుందాం. మిగిలిన సూక్ష్మభాగాలకూ ఇవే సూత్రాలు వర్తిస్తాయి. ఖచ్చితత్వం ఆఖరి కోతలో పుడుతుందని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయంలో అది అంతకు ముందే, ఏయే తలాలను ఒకే పట్టులో కోయాలన్న నిర్ణయంలోనూ, ఏ ఉష్ణోగ్రత వద్ద కొలిచామన్న దానిలోనూ తేలిపోతుంది.

1. డ్రాయింగ్ కంటే ముందు ప్రశ్నలు

ప్రతి కొలత పక్కనా ప్లస్ ఆర్ మైనస్ 0.01 అని రాసి ఉన్న డ్రాయింగ్ చేతికి వస్తే దానిని అలాగే లేత్ దగ్గరికి తీసుకువెళ్లకూడదు. అటువంటి డ్రాయింగ్ గీసినవారు ఏ కొలత ముఖ్యమో నిర్ణయించుకోలేదనే అర్థం. వారితో కూర్చుని మూడు విషయాలు రాబట్టాలి: లెన్స్ ఎంతవరకు ఒక పక్కకు ఒరగవచ్చు (దీనినే ఇక్కడ లెన్స్ వంపు అందాం), కేంద్రం నుంచి ఎంతవరకు పక్కకు జరగవచ్చు, పరికరం ఏ ఉష్ణోగ్రతల మధ్య పనిచేయాలి. ఈ మూడింటికీ జవాబు దొరికితే టాలరెన్సులను, అంటే కొలతలో ఎంత తేడాను ఒప్పుకోవచ్చన్న హద్దులను, మనమే లెక్కగట్టుకోవచ్చు.

ఉదాహరణకు, లెన్స్ వంపు ఒక ఆర్క్ నిమిషానికి మించకూడదని వారు చెప్పారనుకుందాం. ఒక ఆర్క్ నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, 0.00029 రేడియన్. లెన్స్ ఆనే సీటింగ్ సగటు వ్యాసం 48 మి.మీ. అయితే, ఆ సీటింగ్‌లో ఒక అంచుకూ ఎదుటి అంచుకూ మధ్య 0.014 మి.మీ. ఎత్తు తేడా వస్తే చాలు, ఆ హద్దు చేరుకున్నట్టే. కాబట్టి సీటింగ్ సమాంతరత విషయంలో 0.01 మి.మీ. అడగడం న్యాయమే. అదే సెల్ మొత్తం పొడవు 31 మి.మీ. ఉండాలా, 31.2 ఉండాలా అన్నది లెన్స్‌కు పట్టదు. అటువంటి కొలతలకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 2768లోని మధ్యమ తరగతి టాలరెన్స్ రాసేయవచ్చు. 30 నుంచి 120 మి.మీ. మధ్య కొలతలకు అది ప్లస్ ఆర్ మైనస్ 0.3 మి.మీ. అనుమతిస్తుంది. అనవసరమైన చోట వదులు ఇస్తేనే అవసరమైన చోట పెట్టడానికి సమయమూ డబ్బూ మిగులుతాయి.

మన సెల్ ఆకారం ఇలా ఉంటుంది. 60 మి.మీ. వ్యాసం, 25 మి.మీ. పొడవు గల ఒళ్లు, దాని ఒక చివర 75 మి.మీ. వ్యాసం, 6 మి.మీ. మందం గల ఫ్లాంజ్ (బయటికి పొడుచుకువచ్చే పళ్లెం లాంటి అంచు) ఉంటాయి. ఒళ్లు పరికరంలోని రంధ్రంలోకి దిగుతుంది. ఫ్లాంజ్ వెనుక ముఖం, అంటే ఒళ్లు వైపు ముఖం, పరికరానికి ఆనుతుంది. లోపల 47 మి.మీ. కాంతి మార్గం, దాని పైన లెన్స్ ఆనే మెట్టు, ఆపై లెన్స్ రంధ్రం, ఆపై బిగింపు రింగు కోసం ఎం52 × 0.75 మర (52 మి.మీ. వ్యాసం, ఒక చుట్టుకు 0.75 మి.మీ. ముందుకు సాగేది) ఉంటాయి. లెన్స్, రింగు రెండూ ఒళ్లు వైపు నుంచే లోపలికి వెళ్తాయి. ఎందుకలా అన్నది నాలుగో దశలో తెలుస్తుంది.

2. లెన్స్‌కూ లోహానికీ మధ్య సందు

అల్యూమినియం ప్రతి డిగ్రీకీ మిలియన్‌లో 23.6 వంతులు వ్యాకోచిస్తుంది. బీకే7 గాజు 7.1 వంతులే వ్యాకోచిస్తుంది. ఈ తేడా 16.5 వంతులు. 20 డిగ్రీల నుంచి మైనస్ 20 డిగ్రీలకు దిగితే 40 డిగ్రీల మార్పు కనుక, 50 మి.మీ. వ్యాసం మీద సెల్ లెన్స్ కంటే 0.033 మి.మీ. ఎక్కువగా కుంచించుకుపోతుంది. అంటే గది ఉష్ణోగ్రతలో 0.02 మి.మీ. సందుతో ముచ్చటగా దిగిన లెన్స్‌ను హన్లే చలిలో సెల్ నొక్కేస్తుంది. అప్పుడు గాజు పగలకపోయినా దానిలో ఒత్తిడి పుట్టి బింబం చెడుతుంది.

అందువల్ల వ్యాసం మీద 0.06 నుంచి 0.08 మి.మీ. సందు ఉంచుదాం. గడ్డకట్టే చలిలో కూడా కనీసం 0.027 మి.మీ. మిగులుతుంది. సందు 0.08 అయితే లెన్స్ కేంద్రం గరిష్ఠంగా 0.04 మి.మీ. పక్కకు జరగవచ్చు కనుక ఆ అంకెను శాస్త్రవేత్తకు చెప్పి ముందే ఒప్పించుకోవాలి. ఇక్కడ ఒక కట్టుబాటు తప్పనిసరి: లెన్స్ చేతికి రాకుండా రంధ్రం ఆఖరి కొలత కోయకూడదు. కేటలాగులో 50 మి.మీ. అని ఉన్న లెన్స్ అసలు వ్యాసం అంతకంటే కొంత తక్కువ ఉండవచ్చు. మైక్రోమీటర్ దవడలకూ గాజుకూ మధ్య పలుచని కాగితం ఉంచి, దాని మందాన్ని తీసివేసి, మూడు చోట్ల కొలవాలి. మన లెన్స్ 49.975 వచ్చిందనుకుంటే, పూర్తయిన సెల్ రంధ్రం 50.035 నుంచి 50.055 మధ్య ఉండాలి.

3. లోహం ఎంపిక

6061-టీ6 అల్యూమినియం ఈ పనికి చక్కగా సరిపోతుంది. మన మార్కెట్లో దీనిని పాత పేరుతో హెచ్‌ఈ20 అని అడిగితే కొందరికి త్వరగా అర్థమవుతుంది. హెచ్‌ఈ30 అంటే 6082. రెండూ ఈ పనికి పనికొస్తాయి కానీ, పేరు లేని రాడ్‌ను మాత్రం తీసుకోకూడదు. రాడ్‌తో పాటు టెస్ట్ సర్టిఫికెట్ అడగాలి. మెత్తటి గ్రేడ్ అల్యూమినియం టూల్ అంచుకు అతుక్కుని, సన్నని మరను చింపేస్తుంది.

ఉష్ణోగ్రతతో అసలు కొలత మారకూడదన్న చోట ఇన్వార్ అనే ఇనుము, నికెల్ మిశ్రమం వాడతారు. అది డిగ్రీకి మిలియన్‌లో సుమారు 1.2 వంతులు మాత్రమే మారుతుంది. అయితే అది బరువైనది, ఖరీదైనది, కోయడానికి మొండిది. గాజుకు దగ్గరగా వ్యాకోచించాలంటే టైటానియం మిశ్రమం మేలు. దాని విలువ 8.6. ఈ సెల్‌కు ఆ ఖర్చు అవసరం లేదు, సందు లెక్క సరిగా వేసుకుంటే అల్యూమినియమే చాలు.

80 మి.మీ. రాడ్‌లో 65 మి.మీ. పొడవు ముక్క కోయించాలి. సెల్ పొడవు 31 మాత్రమే అయినా, మిగతాది ముక్కను లేత్‌లో బిగించే చక్ పట్టుకోవడానికీ, చివర సెల్‌ను వేరుచేసే పార్టింగ్ టూల్ కోతకూ పోతుంది. లోహం వృథా అని దీనిని కుదించబోతే తరువాతి దశ మొత్తం కుప్పకూలుతుంది.

4. పట్టు క్రమం

మూడు దవడల చక్‌లో పలుచని గోడ గల ముక్కను బిగిస్తే అది మూడు చోట్ల లోపలికి నొక్కుకుపోతుంది. ఆ స్థితిలో రంధ్రం బోర్ చేస్తే (లోపలి నుంచి కోసి పెద్దది చేస్తే) లేత్ మీద ఉన్నంతసేపూ రంధ్రం గుండ్రంగానే ఉంటుంది. చక్ వదలగానే గోడ తన చోటికి తిరిగి వచ్చి రంధ్రం మూడు మూలల ఆకారం తీసుకుంటుంది. అంతకంటే ప్రమాదకరమైన సంగతి ఏమిటంటే, రెండు బిందువుల వద్ద ఆనే సాధారణ బోర్ గేజ్‌కు ఈ దోషం దాదాపు కనిపించదు. ఒకవైపు మూల ఉబికిన చోటికి సరిగ్గా ఎదురుగా గోడ లోపలికి నొక్కుకుని ఉంటుంది కనుక ఎటు తిప్పినా వ్యాసం ఒకటే చూపిస్తుంది. 120 డిగ్రీలకు ఒకటి చొప్పున మూడు ఆనింపులు గల మైక్రోమీటర్‌ను రంధ్రంలో మెల్లగా తిప్పి చూస్తే మాత్రం అంకె పెరుగుతూ తగ్గుతూ దొరికిపోతుంది.

దీనికి విరుగుడు, ముఖ్యమైన తలాలు అన్నీ ఒకే పట్టులో పూర్తయ్యేదాకా చక్ పట్టు సెల్ మీద పడకుండా చూసుకోవడమే. అందుకే ఆ అదనపు పొడవు. చక్ ఆ మందపాటి వెనుక భాగాన్ని పట్టుకుంటుంది. దాని ముందు ఫ్లాంజ్, ఫ్లాంజ్ ముందు ఒళ్లు వస్తాయి. ఇలా ఉంచితే ఫ్లాంజ్ వెనుక ముఖం, 60 మి.మీ. బయటి వ్యాసం, లెన్స్ రంధ్రం, సీటింగ్, మర అన్నీ ఒకే వైపు నుంచి టూల్‌కు అందుతాయి. పరికరంలో సెల్ కూర్చునే తలాలూ లెన్స్ కూర్చునే తలాలూ ఒకే అక్షం చుట్టూ ఒకే తిరుగుడులో పుట్టాయి కాబట్టి వాటి మధ్య వంపుకు చోటే ఉండదు. డిజైన్ దశలోనే లెన్స్‌ను ఒళ్లు వైపు నుంచి పెట్టాలని నిర్ణయించింది ఇందుకోసమే. ఫ్లాంజ్ వైపు నుంచి పెట్టేలా గీసిన డ్రాయింగ్ వస్తే, దానిని తిప్పి గీయమని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. అరగంట చర్చ రెండు రోజుల తంటాలను తప్పిస్తుంది.

5. రఫ్ కోత, విశ్రాంతి

మొదట ఒళ్లును 61.5 వరకు టర్నింగ్ చేసి, మధ్యలో డ్రిల్ వేసి 46 మి.మీ. వరకు బోర్ చేయాలి. లెన్స్ రంధ్రాన్ని 48.5 దగ్గర, సీటింగ్‌ను అర మి.మీ. ముందుగానే ఆపాలి. రాడ్‌ను తయారు చేసినప్పుడు లోహంలో మిగిలిపోయిన అంతర్గత ఒత్తిళ్లు పై పొరలు పోగానే సమతూకం తప్పి ముక్కను కొద్దిగా వంచుతాయి. ఆ వంగేదేదో ఇప్పుడే వంగనివ్వడం మంచిది. చక్ వదిలి, ముక్కను రాత్రంతా పక్కన పెట్టాలి. కొన్ని వర్క్‌షాపులలో ముక్కను మరిగే నీళ్లలోనూ మంచునీళ్లలోనూ కొన్నిసార్లు మార్చి మార్చి ముంచే పద్ధతి ఉంది; చలిలో వాడబోయే భాగానికి అది మంచి అలవాటే.

మళ్లీ చక్‌లో పెట్టేటప్పుడు రఫ్ కోతకు బిగించినంత గట్టిగా బిగించకూడదు. డయల్ గేజ్ పెట్టి చూస్తే 0.05 మి.మీ. రన్ అవుట్ (తిరిగేటప్పుడు పక్కకు ఊగడం) ఉన్నా పరవాలేదు. ఇక్కడి నుంచి ప్రతి ముఖ్య తలాన్నీ కొత్తగా కోయబోతున్నాము కదా.

6. ముందు రింగు

సెల్ మర కోయకముందే బిగింపు రింగును పూర్తి చేసి పెట్టుకోవాలి. లోపలి మరను చక్‌లో ఉండగానే పరీక్షించడానికి ఎం52 × 0.75 ప్లగ్ గేజ్ అందరి దగ్గరా ఉండదు, ఈ రింగే గేజ్‌గా పనికొస్తుంది. రింగుకు 3 మి.మీ. మందం, 47 మి.మీ. లోరంధ్రం, స్పానర్ కోసం ఎదురెదురుగా రెండు గాట్లు చాలు.

రింగు మర బిగువుగా ఉండాలన్నది సహజమైన ఆలోచనే, కానీ ఇక్కడ అది తప్పుదారి. బిగువైన మర రింగును తనకు నచ్చిన దిశలో నిలబెడుతుంది; అప్పుడు రింగు లెన్స్‌ను ఒక పక్కనే నొక్కుతుంది. వదులుగా ఉన్న రింగు లెన్స్ ముఖానికి అనుగుణంగా తానే సర్దుకుని చుట్టూ సమంగా ఆనుతుంది. రింగును వేళ్లతో పట్టుకుని ఊపితే కదలిక తెలియాలి. నల్లపూత మందం కూడా ఈ వదులులో నుంచే పోతుంది కనుక ఆ లెక్కను పదో దశలో చూద్దాం.

7. ఫినిష్ కోత

అల్యూమినియం కోసం చేసిన, పూత లేని, మెరుగుపెట్టిన కార్బైడ్ ఇన్సర్ట్ (టూల్‌కు బిగించే కోత ముక్క) వాడాలి. దాని మొన గుండ్రదనం, అంటే ముక్కు రేడియస్, 0.4 మి.మీ. ఉంటే చాలు. నిమిషానికి 250 మీటర్ల కోత వేగం అంటే 60 మి.మీ. వ్యాసం వద్ద సుమారు 1,300 ఆర్‌పీఎం. ఫీడ్ (ఒక తిరుగుడుకు టూల్ ముందుకు జరిగే దూరం) విషయంలో ఒక సులభమైన సూత్రం ఉంది: ఫీడ్ వర్గాన్ని ముక్కు రేడియస్‌కు 8 రెట్లతో భాగిస్తే గీతల లోతు వస్తుంది. 0.05 మి.మీ. ఫీడ్‌తో అది 0.8 మైక్రాన్, 0.15 ఫీడ్‌తో 7 మైక్రాన్లు. ఫినిష్ కోతలో ఫీడ్ తగ్గించడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. టూల్ అంచుకు లోహం అంటుకోకుండా మన టర్నర్లు కిరోసిన్ వాడతారు. పలుచని కోతలకు అది బాగా పనిచేస్తుంది కానీ దగ్గరలో నిప్పురవ్వలు వచ్చే గ్రైండింగ్ పని జరగకుండా చూసుకోవాలి.

ఆఖరి కొలతకు చేరే పద్ధతి ఇది. ఒకే లోతు గల రెండు కోతలు మిగలాలి. ప్రతి పక్కా 0.2 మి.మీ. చొప్పున మొదటిది కోసి, ఆగి, కొలిచి, వచ్చిన తేడాను సరిచేసి, అదే లోతుతో అదే ఫీడ్‌తో రెండోది కోయాలి. టూలూ జాబూ (కోస్తున్న ముక్క) కోత ఒత్తిడికి కొద్దిగా వెనక్కు వంగుతాయి. రెండు కోతల్లోనూ ఒత్తిడి ఒకటే కనుక వంగడం కూడా ఒకటే ఉంటుంది, అంచనా నిజమవుతుంది. కొలత 0.02 మిగిలిందని చివర ఒక సన్నని కోత పెట్టేవారు ఉన్నారు. అంత పలుచని పొరను ఇన్సర్ట్ అంచు కోయడం మాని రుద్దుతుంది, కొలతా తలమూ రెండూ చెడతాయి. బోరింగ్ బార్‌ను రంధ్రంలో పట్టినంత లావుది తీసుకుని, స్టీల్ బార్ అయితే వ్యాసానికి నాలుగు రెట్లకు మించి బయటికి చాచకూడదు.

కోసే వరుస ఇది: ఫ్లాంజ్ వెనుక ముఖం, 60 మి.మీ. ఒళ్లు, 47 మి.మీ. కాంతి మార్గం, లెన్స్ రంధ్రం, సీటింగ్, చివరగా మర. ఒళ్లును జి6 ఫిట్‌కు చేస్తే 59.971 నుంచి 59.990 మధ్య ఉండాలి. పరికరంలోని, దానికి జతైన హెచ్7 తరగతి రంధ్రంలోకి అది ఎక్కడా పట్టేయకుండా జారుతుంది. ఒళ్లు మధ్యలో కొంత భాగాన్ని ఒక పావు మి.మీ. తగ్గించి, రెండు చివర్ల మాత్రమే ఆనేలా చేస్తే అమర్చేటప్పుడు ఇరుక్కోదు.

సీటింగ్ మూలలో చిన్న గాడి తప్పక కోయాలి. ఇన్సర్ట్ ముక్కు గుండ్రంగా ఉండటం వల్ల రంధ్రం, మెట్టు కలిసే మూలలో 0.4 మి.మీ. గుండ్రదనం మిగులుతుంది. లెన్స్ అంచు దాని మీదికెక్కి కూర్చుంటే సీటింగ్‌ను ఎంత చదునుగా కోసినా ఫలితం ఉండదు. 0.8 మి.మీ. వెడల్పు, 0.3 మి.మీ. లోతు గాడి ఆ ఇబ్బందిని తీరుస్తుంది.

మర కోసం ముందు 51.19 మి.మీ. రంధ్రం సిద్ధం చేసి, చివర టూల్ ఆగడానికి గాడి పెట్టాలి. మొత్తం లోతు పక్కకు 0.41 మి.మీ.; దీనిని 0.12, 0.10, 0.08, 0.06, 0.05 చొప్పున పంచి, చివర లోతు పెంచకుండానే మరో రెండుసార్లు టూల్‌ను నడిపించాలి. ఇక్కడ రింగు ఎక్కించి చూసి, అవసరమైన వదులు వచ్చేవరకు కోత పెంచుకోవచ్చు.

సీటింగ్ లోపలి అంచున బర్ (కోతలో లేచిన సన్నని లోహపు ముల్లు) మిగిలిందేమో కంటికి తెలియదు. దూదిని పుల్లకు చుట్టి అంచు చుట్టూ ఒకసారి తిప్పితే, బర్ ఉన్నచోట నూలుపోగు చిక్కుకుని నిలిచిపోతుంది. పోగు చిక్కిన చోటును పది రెట్ల లూప్‌తో చూసి, మొనదేలిన చెక్కపుల్లతోనో పదునైన స్క్రేపర్‌తోనో తీసేయాలి. ఎమెరీ కాగితం దగ్గరికి కూడా రానివ్వకూడదు; అది మెట్టును చుట్టూ అసమానంగా అరగదీస్తుంది.

ఇప్పుడు పార్టింగ్ టూల్‌తో సెల్‌ను వేరుచేసి, 60 మి.మీ. వ్యాసానికి బోర్ చేసుకున్న సాఫ్ట్ జాస్‌లో (మెత్తటి చక్ దవడలలో) తేలికగా పట్టి ఫ్లాంజ్ ముందు ముఖాన్ని శుభ్రపరచాలి. స్క్రూ రంధ్రాలు మిల్లింగ్ మెషిన్ మీద వేసుకోవచ్చు. ఈ తలాలలో ఏదీ లెన్స్ స్థానాన్ని నిర్ణయించదు కనుక ఇక్కడ తొందర పడినా నష్టం లేదు.

8. ఉష్ణోగ్రత

పొడవు కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. 1931 నుంచి ప్రపంచమంతా దీనినే పాటిస్తోంది. మన ఊళ్లలో ఏసీ లేని వర్క్‌షాపులో వేసవి మధ్యాహ్నం 35 డిగ్రీలు మామూలే. అప్పుడు ఏం జరుగుతుందో అంకెలతో చూద్దాం. మైక్రోమీటర్ స్టీల్‌ది, దాని వ్యాకోచం 11.5, జాబ్ అల్యూమినియం, దాని వ్యాకోచం 23.6. తేడా 12.1. పదిహేను డిగ్రీల వేడికి 60 మి.మీ. మీద మైక్రోమీటర్ 0.011 మి.మీ. ఎక్కువ చూపుతుంది. జి6 టాలరెన్స్ మొత్తం వెడల్పే 0.019. అంటే 59.980 అని చక్కగా మధ్యలో చూపించిన ఒళ్లు నిజానికి 59.969, అది ఫెయిల్.

ఏసీ గది ఉంటే జాబ్, మైక్రోమీటర్, స్లిప్ గేజులు (కొలత సరిచూసే ప్రామాణిక దిమ్మెలు) మూడింటినీ ఒకే దిమ్మ మీద కొన్ని గంటలు ఉంచి కొలవాలి. లేకపోతే పై లెక్క వేసి సవరణ చేసుకోవాలి. అదేమీ నామోషీ కాదు, థర్మామీటర్ ఒకటి దగ్గర ఉంటే చాలు. కోసిన వెంటనే వేడి మీద కొలవడం, చాలాసేపు చేత్తో పట్టుకోవడం రెండూ మానాలి. వేళ్ల వేడి చిన్న ముక్కను కొన్ని మైక్రాన్లు పెంచేస్తుంది.

9. కొలతను రెండో దారిలో సరిచూడటం

చక్‌లో ఉండగానే సీటింగ్ మీద డయల్ పెట్టి తిప్పితే సూది కదలదు. ఇది సంతోషించాల్సిన విషయమే కాదు. అదే స్పిండిల్ మీద కోసిన తలాన్ని అదే స్పిండిల్ మీద పరీక్షిస్తే తప్పు కూడా ఒప్పుగానే కనబడుతుంది. సెల్‌ను విప్పి, సర్ఫేస్ ప్లేట్ (అతి చదునైన బల్ల) మీద మూడు చిన్న జాక్‌ల మీద ఫ్లాంజ్ ముందు ముఖం కిందికి వచ్చేలా పెట్టి, పైకి తిరిగిన ఫ్లాంజ్ వెనుక ముఖం మీద మూడు చోట్ల డయల్ ఒకే అంకె చూపేవరకు జాక్‌లను సర్దాలి. తరువాత జాక్‌లను ముట్టుకోకుండా డయల్‌ను సీటింగ్ మీదికి దించి చుట్టూ చూడాలి. తేడా 0.01 లోపు ఉంటే లెన్స్ వంపు హద్దులోనే ఉంది.

రెండు పద్ధతులు రెండు జవాబులు చెప్పినప్పుడు ఇష్టమైనదాన్ని ఎంచుకోవడం ఎంత ఖరీదైనదో హబుల్ టెలిస్కోప్ చూపించింది. 1990లో కక్ష్యలోకి వెళ్లాక దాని ప్రధాన దర్పణం అంచుల వద్ద సుమారు 2.2 మైక్రాన్ల మేర కావలసినదాని కంటే చదునుగా ఉందని తేలింది. దర్పణాన్ని పరీక్షించడానికి వాడిన నల్ కరెక్టర్ పరికరంలో ఒక లెన్స్ 1.3 మి.మీ. తప్పుచోట ఉంది. ఆ దూరాన్ని నిర్ణయించే ఇన్వార్ కడ్డీ చివరి మూత మీది నల్లపూత కొంత లేచిపోయి, కాంతి కడ్డీ చివర నుంచి కాక ఆ మూత నుంచి తిరిగివచ్చింది. వేరే నల్ కరెక్టర్ ఏదో తేడా ఉందని చూపినా, మొదటిదే ఎక్కువ ఖచ్చితమైనదన్న నమ్మకంతో దాన్ని పక్కన పెట్టారు. మన సెల్ అంత పెద్దది కాదు గానీ, బోర్ గేజ్ ఒక మాట, మూడు ఆనింపుల మైక్రోమీటర్ మరో మాట చెబితే పని ఆపి కారణం వెతకాలి. సొంతంగా తేల్చుకోలేకపోతే, హైదరాబాద్ బాలానగర్‌లో 1968లో ఏర్పడిన సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) వంటి టూల్ రూముల వైపు చూడవచ్చు.

10. నల్లపూత

సెల్ లోపల కాంతి చెల్లాచెదురు కాకుండా నల్ల అనోడైజింగ్ (విద్యుత్తుతో అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర పెంచడం) చేయిస్తారు. ఈ పూత కొంత లోహంలోకి, కొంత బయటికి పెరుగుతుంది. మందంలో మూడో వంతు నుంచి సగం వరకు బయటికి వస్తుందని లెక్కపెట్టుకోవచ్చు. 12 మైక్రాన్ల పూతకు ప్రతి పక్కా 4 నుంచి 6 మైక్రాన్లు, వ్యాసం మీద సుమారు 10 మైక్రాన్లు. కాబట్టి లెన్స్ రంధ్రాన్ని 0.01 ఎక్కువగా, అంటే 50.045 నుంచి 50.065 మధ్య కోయాలి. మర మీద ప్రభావం మరింత ఎక్కువ: 60 డిగ్రీల మరకు పిచ్ వ్యాసం (మర పళ్ల నడుమ ఎత్తున కొలిచే వ్యాసం) మీద పెరుగుదల నాలుగు రెట్లు. 5 మైక్రాన్లు పెరిగితే 20 మైక్రాన్లు. రింగు మీద కూడా పూత వేస్తే ఇంకో 20. ముందు వదులుగా ఉన్న రింగు పూత తరువాత ఎక్కనని మొండికేయడానికి కారణం ఇదే. ఆరో దశలో వ్యాసం మీద ఒక పదో వంతు మి.మీ. వదులు ఉంచి ఉంటే ఈ ఇబ్బంది రాదు.

60 మి.మీ. ఒళ్లునూ ఫ్లాంజ్ వెనుక ముఖాన్నీ కప్పి ఉంచమని పూత వేసేవారికి డ్రాయింగ్ మీదే గుర్తుపెట్టి ఇవ్వాలి. ఇంకో మాట: మామూలు రంగు కలిపిన నల్ల అనోడైజింగ్ కంటికి నల్లగా ఉన్నా, సమీప పరారుణ కాంతికి అద్దంలా మెరుస్తుంది. పరికరం ఆ తరంగదైర్ఘ్యాలలో పనిచేయాలంటే శాస్త్రవేత్తను అడిగి వేరే పూత ఎంచుకోవాలి. మూసుకుపోయిన మర రంధ్రాలలో ఆమ్లం నిలిచి వారాల తరువాత కారుతుంది కనుక వీలైనంతవరకు రంధ్రాలు ఇటు నుంచి అటు దాకా తెరిచి ఉండాలి.

సెల్ శూన్యంలో వాడేదైతే లెక్కంతా మారుతుంది. అనోడైజింగ్ పూత నీటిని పీల్చి వదులుతూ ఉంటుంది కనుక పనికిరాదు. ఇత్తడిని వేడిచేస్తే జింక్ ఆవిరవుతుంది. 303 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌లో గంధకం ఉంటుంది, 304 గానీ 316 గానీ వాడాలి. స్క్రూ కింద గాలి చిక్కకుండా మధ్యలో రంధ్రం ఉన్న స్క్రూలు వాడాలి.

11. శుభ్రపరచడం, అమర్చడం

కిరోసిన్, నూనె జాడలు లెన్స్ మీద తరువాత పొగమంచులా పేరుకుంటాయి. డిటర్జెంట్ కలిపిన గోరువెచ్చని నీళ్లతో కడిగి, శుద్ధమైన నీళ్లతో జాడించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టాలి. కాస్టిక్ సోడా ఉన్న క్లీనర్ వాడితే అది అల్యూమినియాన్నీ పూతనూ తినేస్తుంది. ఈ దశ నుంచి చేతి తొడుగులు తప్పనిసరి.

0.07 మి.మీ. సందులోకి లెన్స్‌ను పైనుంచి వదిలితే అది వంకరగా ఇరుక్కుంటుంది. బలవంతం చేస్తే అంచు పెచ్చుగా లేస్తుంది. అందువల్ల లెన్స్‌ను దించకుండా సెల్‌ను దించాలి. 40 మి.మీ. డెల్రిన్ ప్లాస్టిక్ రింగు మీద లెన్స్ టిష్యూ పరిచి, లెన్స్‌ను కుంభాకారం వైపు కిందికి పెట్టి, సెల్ నోటిని కిందికి తిప్పి దాని చుట్టూ మెల్లగా దించాలి. చదును ముఖం సీటింగ్‌ను తాకిన చప్పుడు చేతికి తెలుస్తుంది. రెంటినీ కలిపి పట్టుకుని తిప్పి, రింగు ఎక్కించి, అది లెన్స్‌ను తాకాక స్పానర్‌తో కొద్దిగా మాత్రమే బిగించాలి.

బిగింపు ఎక్కువైందో లేదో చెప్పే చవకైన పరీక్ష ఒకటి ఉంది. రెండు పోలరాయిడ్ ఫిల్ములను ఒకదానికొకటి అడ్డంగా, చీకటి కనిపించేలా పట్టుకుని వాటి మధ్య సెల్‌ను ఉంచి కాంతికి చూడాలి. లెన్స్ అంతా చీకటిగా ఉంటే గాజులో ఒత్తిడి లేదు. అంచున ఒక చోటో మూడు చోట్లో వెలుతురు మచ్చలు కనిపిస్తే సీటింగ్ మీద ఎక్కడో బర్ గానీ ఎత్తు గానీ ఉందని అర్థం. రింగును వదులు చేసినా మచ్చ పోకపోతే లెన్స్ తీసి దూది పరీక్ష మళ్లీ చేయాలి.

సెల్‌తో పాటు ఒక కాగితం పంపాలి. దానిలో ఒళ్లు, రంధ్రం, సీటింగ్ సమాంతరత విలువలు, కొలిచినప్పటి ఉష్ణోగ్రత, సవరణ చేశారా లేదా అన్నది, వాడిన లోహం సర్టిఫికెట్ నంబరు, పూత ముందూ తరువాతా రంధ్రం కొలతలు ఉండాలి. అదే రాడ్‌లో మిగిలిన ముక్క మీద సంఖ్య రాసి దాచిపెడితే, రెండేళ్లకు రింగు పోయిందని వారు ఫోన్ చేసినప్పుడు అదే లోహంతో కొత్తది చేసి ఇవ్వవచ్చు.